ఏసీ వేస్తే ఐడ్లింగ్ తగ్గింది: ఒక పాత పెట్రోల్ కారు కేస్ స్టడీ

మాస్టారు బండిని షెడ్డు ముందు ఆపి, దిగకుండానే మొదలుపెట్టారు. "ఫస్ట్ గేర్లో క్లచ్ వదిలితే చాలండీ, యాక్సిలరేటర్ తొక్కకుండానే పరిగెడుతోంది. బెంజ్ సర్కిల్ దగ్గర ముందున్న ఆటోని గుద్దబోయాను. కాళ్లు రెండూ బ్రేకు మీదే ఉంటున్నాయి."

2011 మోడల్ చిన్న పెట్రోల్ కారు. 1.2 లీటర్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, 96 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు, అదే త్రాటిల్, దానికి కేబులే, కొత్త బండ్లలోలాగా మోటార్ కాదు. మాస్టారు రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చేలోపు ఇంకో రెండు షెడ్లు తిరిగి వచ్చింది. ఒకచోట త్రాటిల్ బాడీ క్లీన్ చేశారు, ప్లగ్గులు మార్చారు. రెండోచోట ఐడ్లింగ్‌కి, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరగడానికి, గాలి వదిలే ఐఏసీ మోటార్ కొత్తది వేశారు, త్రాటిల్ పొజిషన్ సెన్సర్ కూడా మార్చారు. రెండూ కలిపి ఆరు వేల పైచిలుకు వదిలింది. ఐడ్లింగ్ మాత్రం నిమిషానికి 1400 చుట్ల (ఆర్పీఎం) దగ్గరే కూర్చుంది. ఉండాల్సింది 750.

ఇలాంటి బండి వచ్చినప్పుడు నేను బానెట్ ఎత్తేముందు ఓనర్‌తో పావుగంట మాట్లాడతాను. మా గురువుగారి దగ్గర అబ్బిన అలవాటు ఇది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఎలా ఉంటోంది, ఎంతసేపటికి పెరుగుతోంది, లైట్లు వేస్తే ఏమవుతోంది, ఏసీ వేస్తే ఏమవుతోంది అని అడుగుతాను. మాస్టారు లెక్కల మాస్టారు కాబోలు, అన్నీ గమనించి పెట్టుకున్నారు. పొద్దున్న తేడా ఏమీ ఉండదట. వేడెక్కాకే గొడవట. తర్వాత ఒక మాట అన్నారు: "ఏసీ వేస్తే కొంచెం నయమండీ. అందుకే చలికాలంలో కూడా ఏసీ వేసుకుని తిరుగుతున్నా."

ఆ మాట దగ్గరే నాకు సగం కేసు తేలింది.

బాగున్న బండిలో ఏసీ వేస్తే ఐడ్లింగ్ తగ్గదు. కంప్రెసర్ బరువు పడబోతోందని ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి) ముందే తెలుస్తుంది కాబట్టి ఐఏసీని ఇంకాస్త తెరిచి, 750ని 850 దాకా తీసుకెళ్తుంది. ఈ బండిలో ఏసీ వేస్తే 1450 కాస్తా 1250కి దిగుతోంది. అంటే కంప్రెసర్ బరువు ఇంజన్‌ని కిందికి లాగుతోంది, ఆ లాగుడుకి ఈసీయూ అడ్డు పడటం లేదు. అడ్డు పడాల్సిన పనే దానికి లేదు, ఎందుకంటే వేగం ఇప్పటికే అది కోరిన దానికంటే చాలా పైన ఉంది. ఐడ్లింగ్ మీద దాని పట్టు పోయిందన్నమాట.

ఐడ్లింగ్ ఎక్కువున్న ఏ బండినైనా నేను మొదట రెండుగా విడగొడతాను. ఇంత వేగం ఈసీయూ కావాలని అడుగుతోందా, లేక అది వద్దంటున్నా ఇంజన్ తిరుగుతోందా? మొదటిదైతే ఈసీయూకి ఎవరో తప్పుడు సమాచారం ఇస్తున్నట్టు. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ఇంజన్ చల్లగా ఉందని చెబుతుండొచ్చు, రేడియేటర్‌లో నీళ్లు తగ్గి సెన్సర్ గాల్లో వేలాడుతుండొచ్చు, థర్మోస్టాట్ తెరుచుకుపోయి ఇంజన్ అసలు వేడెక్కకపోవచ్చు. పవర్ స్టీరింగ్ స్విచ్, ఏసీ రిక్వెస్ట్ వైరు కూడా ఈ గుంపులోవే. రెండోదైతే ఈసీయూ లెక్కలో లేని దారిన గాలి దూరుతోంది. ఈ రెంటినీ కలిపేసి వెతికితే పార్టులు మారుతూనే ఉంటాయి, మాస్టారికి జరిగింది అదే.

ఈ విడగొట్టడానికి స్కానర్‌లో రెండు గీతలు చాలు: ఈసీయూ కోరుతున్న ఐడ్లింగ్ ఎంత, ఐఏసీ ఎన్ని స్టెప్పుల దగ్గర ఉంది. ఇంజన్ వేడెక్కాక పెట్టి చూశాం.

కోరుతున్నది 750. తిరుగుతున్నది 1450. ఐఏసీ సున్నా.

సున్నా అంటే పూర్తిగా మూసేసింది. ఈ ఇంజన్ వేడి మీద బాగున్నప్పుడు ఐఏసీ 30, 35 స్టెప్పుల దగ్గర ఆడుతుంటుంది. ఈసీయూ పాపం చేతిలో ఉన్న తలుపు పూర్తిగా వేసేసి కూర్చుంది, గాలి మాత్రం ఎక్కడినుంచో వస్తూనే ఉంది. కూలెంట్ 91 డిగ్రీలు చూపిస్తోంది. అది కూడా నమ్మకుండా సెన్సర్ కనెక్టర్ పీకి మీటర్ పెట్టాను. ఈ రకం సెన్సర్లు చల్లగా ఉంటే రెండు, రెండున్నర కిలో ఓములు, 80 డిగ్రీలు దాటాక మూడొందల ఓముల లోపలికి వస్తాయి. సరిగ్గానే ఉంది. మొదటి గుంపు మొత్తాన్ని పక్కన పెట్టేశాను.

పొద్దున్న తేడా తెలియకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. చల్లటి ఇంజన్‌కి ఈసీయూయే 1200 పైన కోరుతుంది. దొంగగాలి ఆ లెక్కలో కలిసిపోతుంది, ఐఏసీ కాస్త మూసుకుని సర్దుకుంటుంది. ఇంజన్ వేడెక్కి కోరిక 750కి దిగేసరికి సర్దుకోవడానికి ఐఏసీ దగ్గర ఏమీ మిగలదు.

ఇక్కడ చాలామందిని పక్కదోవ పట్టించే విషయం ఒకటుంది, కాస్త వివరంగా చెప్పాలి. ముందు చూసిన మెకానిక్ కూడా స్కానర్ పెట్టాడట. ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఆక్సిజన్ సెన్సర్ మాట విని ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, మామూలుగా ఉంది కాబట్టి ఎయిర్ లీక్ లేదని తేల్చేశాడట. ట్రిమ్ మామూలుగా ఉన్నమాట నిజమే. నేను చూసినప్పుడు ప్లస్ 3, ప్లస్ 4 దగ్గర ఉంది. తేల్చింది మాత్రం తప్పు. లోపలికి పోయే గాలిని తూచే ఎయిర్ ఫ్లో మీటర్ ఉన్న బండిలో, మీటర్ దాటాక ఎక్కడైనా కంత పడితే ఆ గాలి లెక్కలోకి రాదు. పెట్రోల్ తక్కువ పడుతుంది, ఆక్సిజన్ సెన్సర్ గోల పెడుతుంది, ట్రిమ్ ఐడ్లింగ్‌లో ప్లస్ 20 దాకా పోయి, 2500 ఆర్పీఎం దగ్గర మళ్లీ దిగుతుంది. ఈ బండిలో ఆ మీటరే లేదు. త్రాటిల్ దాటాక గాలిని సిలిండర్లకి పంచే గొట్టాల్ని మానిఫోల్డ్ అంటాం, దాని లోపలి ఒత్తిడిని మ్యాప్ సెన్సర్ చెబుతుంది, దాన్నీ ఆర్పీఎంనీ గాలి వేడినీ కలిపి ఈసీయూ గాలి లెక్క కడుతుంది. కంతలోంచి వచ్చిన గాలి కూడా ఆ ఒత్తిడిలో భాగమే. ఎంత గాలి ఎక్కువొస్తే అంత పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. అంటే ఈ రకం బండిలో ఎయిర్ లీక్, యాక్సిలరేటర్ మీద వేలు పెట్టి నొక్కి ఉంచినట్టే. ట్రిమ్ చెడదు, చెక్ ఇంజన్ లైటు కూడా వెలగకపోవచ్చు, వేగం ఒక్కటే పెరుగుతుంది. మన రోడ్ల మీద ఉన్న పాత చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మ్యాప్ సెన్సరే కాబట్టి ఈ తేడా తెలియకపోతే నష్టం.

మ్యాప్ సెన్సరే అబద్ధమాడుతోందేమో అని కూడా ఒకసారి చూశాను. కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే అది బయటి గాలి ఒత్తిడి చూపించాలి. విజయవాడలో 100 కిలోపాస్కల్ అటూ ఇటూ. ఇదే బండి హైదరాబాద్‌లో ఉంటే 95 దగ్గర చూపిస్తుంది, ఆ ఊరు ఎత్తులో ఉంది కదా. మాకు 100 చూపించింది. సరే.

ఇప్పుడు గాలి ఎక్కడినుంచి? త్రాటిల్ ముందునుంచా, వెనకనుంచా? దీనికి ఖర్చులేని పరీక్ష ఉంది. త్రాటిల్ మూతికి ఉన్న గాలి గొట్టం ఊడదీసి, ఆ మూతిని పాత ట్యూబు కోసిన మందపాటి రబ్బరు ముక్కతో మూసెయ్యాలి. అరచెయ్యి పెట్టొద్దు, గుడ్డ అసలే వద్దు, లోపలికి లాగేసుకుంటుంది. ఐఏసీకి పోయే గాలి కూడా ఆ మూతిలోంచే కాబట్టి రెండు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి. ఇంకొకటి మర్చిపోకూడదు: క్రాంక్ కేసు పొగని లాగే పీసీవీ పైపుని కూడా ప్లయర్‌తో నొక్కి పట్టాలి, లేకపోతే గొట్టం ఊడదీసినందువల్ల ఆ దారిన మామూలుగానే గాలి వస్తుంది, దాన్ని చూసి లీక్ అనుకుంటాం. అన్నీ మూస్తే ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ రెండు మూడు సెకన్లలో ఊపిరాడక ఆగిపోవాలి.

రబ్బరు ముక్క చప్పున అతుక్కుంది. ఇంజన్ 1450 నుంచి 1150కి దిగింది, ఆగలేదు. మా కుర్రాడు స్టాప్‌వాచ్ చూస్తున్నట్టు ఫోన్ పట్టుకున్నాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ముక్కూ నోరూ మూసినా బతుకుతోంది. గాలి త్రాటిల్ దాటాకే దూరుతోంది, అనుమానం లేదు.

అయితే ఎంత పెద్ద కంత ఉండాలి? పెద్దది అక్కర్లేదు. 1.2 లీటర్ ఇంజన్ ఐడ్లింగ్‌లో పీల్చే గాలి సెకనుకి సుమారు రెండు గ్రాములు, అంతే. మానిఫోల్డ్ లోపల ఒత్తిడి బయటి దాంట్లో మూడో వంతు. ఆ తేడాకి మూడు, నాలుగు మిల్లీమీటర్ల కంతలోంచి గాలి ధ్వని వేగంతో దూసుకొస్తుంది. బాల్ పెన్ రీఫిల్ అంత దారి చాలు, ఐడ్లింగ్ రెట్టింపు కావడానికి.

త్రాటిల్ దాటాక మానిఫోల్డ్‌లోకి వచ్చే పైపులన్నీ వరసగా నొక్కి చూశాం. బ్రేక్ బూస్టర్ పైపు నొక్కితే మార్పు లేదు. పెట్రోల్ ఆవిరిని లాగే పర్జ్ వాల్వ్ పైపు నొక్కితే మార్పు లేదు. పీసీవీ ముందే నొక్కాం. మ్యాప్ సెన్సర్ ఓ రింగు, ఇంజెక్టర్ల ఓ రింగుల చుట్టూ కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి విన్నాం. లీకున్నచోట తగిలితే ఇంజన్ శబ్దం మారాలి. మారలేదు. మానిఫోల్డ్, హెడ్డు కలిసే అంచు పొడుగునా కొట్టాం. మారలేదు. (వేడి ఇంజన్ మీద ఈ స్ప్రే కొట్టేటప్పుడు పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడి భగ్గుమన్న బండిని నా కళ్లతో చూశాను.)

ఇక్కడ నేనొక పొరపాటు చేయబోయాను. స్ప్రేకి దొరకలేదు కాబట్టి మానిఫోల్డ్‌కీ హెడ్డుకీ మధ్య ఉండే గాస్కెట్ కింది అంచే అయ్యుంటుందని నిశ్చయించుకుని, మానిఫోల్డ్ దించడానికి పది, పన్నెండు నంబర్ స్పానర్లు తీయమన్నాను. మధ్యాహ్నం మూడైంది, ఆకలి, చిరాకు. మా కుర్రాడే అన్నాడు, "అన్నా, పొగ డబ్బా పెట్టలేదుగా."

మా పొగ డబ్బా కొన్నది కాదు. పాత పెయింట్ డబ్బాలో డీజిల్ బండి గ్లో ప్లగ్గు బిగించి, రెండు వేళ్ల ఎత్తు బేబీ ఆయిల్ పోసి, చేపల తొట్టి గాలి పంపు తగిలించాం. ప్లగ్గుకి బ్యాటరీ ఇస్తే తెల్లటి చిక్కటి పొగ వస్తుంది. ఒత్తిడి బాగా తక్కువ ఉండాలి. షెడ్డు కంప్రెసర్ గాలి పెడితే మంచి సీళ్లు కూడా చెడతాయి. ఇంజన్ ఆపేసి, త్రాటిల్ మూతికి చేతి గ్లోవ్ తొడిగి, బ్రేక్ బూస్టర్ పైపు దారిలోంచి పొగ ఎక్కించాం. షెడ్డు ఫ్యాన్ ఆపించాను, లేకపోతే పొగ ఎక్కడినుంచి వస్తుందో ఎవడికీ తెలీదు.

రెండు నిమిషాలకి ఇంజన్ వెనకనుంచి, అంటే ఫైర్‌వాల్ వైపునుంచి పొగ లేచింది. గాస్కెట్టే అన్నాను. మావాడు వినలేదు. ఫోన్‌కి లైటు వేసి, వీడియో పెట్టి, మోచెయ్యి దాకా లోపలికి దూర్చి, మానిఫోల్డ్ కింద తిప్పి తీశాడు. ఇద్దరం ఎండలోంచి నీడలోకొచ్చి చూశాం. గాస్కెట్ అంచు పొడిగా, శుభ్రంగా ఉంది. దానికి మూడు వేళ్ల కింద, మానిఫోల్డ్ గొట్టాల పొట్ట మీద, వరసగా నాలుగు చిన్న నల్లటి రబ్బరు టోపీలు. ఒక్కోదానికీ ప్లాస్టిక్ టై బిగించి ఉంది. చివరి రెండు టోపీల కొసలు నెర్రెలిచ్చి ఉన్నాయి. వాటిలోంచి అగరొత్తి పొగలా సన్నగా, తిన్నగా కిందికి దిగి, అప్పుడు పైకి లేస్తోంది.

టోపీల కిందున్నవి నిపుల్స్, అంటే పైపు తొడిగే చిన్న గొట్టపు మొనలు. కంపెనీ మానిఫోల్డ్‌కి కింద నిపుల్స్ ఎందుకుంటాయి? ఉండవు. ఎవరో డ్రిల్ చేసి బిగించినవి.

అప్పుడు డ్రైవర్ సీటులో కూర్చుని డాష్‌బోర్డ్ చూశాను. స్టీరింగ్‌కి ఎడమ పక్క రూపాయి బిళ్లంత వినాయకుడి స్టిక్కర్ ఉంది. పొద్దుటినుంచీ నా కళ్ల ముందే ఉంది. వేలితో నొక్కితే లోపలికి మెత్తగా పోయింది. వెనక కంత. గ్యాస్, పెట్రోల్ మార్చుకునే స్విచ్ ఉండే చోటు అది. డిక్కీలో స్టెప్నీ పక్కన కార్పెట్ ఎత్తితే సిలిండర్ బ్రాకెట్ బోల్టుల తాలూకు నాలుగు కంతలు కూడా కనబడ్డాయి.

"మాస్టారూ, ఈ బండికి ఇదివరకు గ్యాస్ కిట్ ఉందా?"

"లేదండీ, పెట్రోలేగా."

ఆర్సీ తెమ్మన్నాను. ఇంధనం అన్నచోట పెట్రోల్, ఎల్పీజీ అని రెండూ ఉన్నాయి. మాస్టారు కళ్లజోడు పైకి నెట్టి, కిందికి దించి, రెండుసార్లు చదివారు. బండి కొన్నప్పుడు పేరూ నంబరూ చూశారు, ఆ గడి చూడలేదు.

సీక్వెన్షియల్ గ్యాస్ కిట్ బిగించేటప్పుడు ఒక్కో సిలిండర్ గొట్టానికి ఒక కంత చొప్పున వేసి, గ్యాస్ ఇంజెక్టర్ పైపు కోసం నిపుల్ బిగిస్తారు. అందులో తప్పేం లేదు. కిట్ తీసేటప్పుడు ఆ నిపుల్స్ తీసి మరలతో మూసెయ్యాలి. పాత ఓనర్ కిట్ తీసి అమ్ముకున్నాడో, ఇంకో బండికి మార్చుకున్నాడో, తీసినవాళ్లు రబ్బరు టోపీలు తొడిగి వదిలేశారు. కొత్తగా ఉన్నన్నాళ్లు ఆగాయి. ఇంజన్ వేడికి, ఆయిల్ తడికి రబ్బరు గట్టిపడి పగిలింది. స్ప్రే ఎందుకు పట్టుకోలేదో కూడా తెలిసింది: మేం పైనుంచి కొట్టాం, కంతలు పొట్ట కిందున్నాయి.

రిపేరు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మానిఫోల్డ్ అల్యూమినియందే కాబట్టి మరలు బాగానే ఉన్నాయి. నాలుగు నిపుల్సూ తీసి, ఆరు ఎంఎం బోల్టులు లోపలికి పొడుచుకు రాకుండా పొట్టిగా కోసి, థ్రెడ్ సీలెంట్ పూసి బిగించాం. మళ్లీ పొగ పెట్టి చూస్తే గ్లోవ్ బెలూన్‌లా లేచి నిలబడింది, ఎక్కడా చుక్క పొగ లేదు.

స్టార్ట్ చేస్తే ఇంజన్ ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చేశాం, మళ్లీ ఆగిపోయింది. మాస్టారి ముఖం చూడాలి అప్పుడు. కొంత వరకు నేను అనుకున్నదే. ఇన్నాళ్లూ ఐఏసీ సున్నా దగ్గరే ఉండటం నేర్చుకున్న ఈసీయూకి దొంగగాలి ఒక్కసారిగా ఆగితే ఊపిరాడదు. స్కానర్‌తో ఐడ్లింగ్ లెర్నింగ్ చెరిపేసి, యాక్సిలరేటర్ కొంచెం పట్టి నిలబెట్టాం. పది నిమిషాలకి 750 దగ్గర కుదిరింది. కానీ ఐఏసీ 68 స్టెప్పులు చూపిస్తోంది. ఉండాల్సిన దానికి రెట్టింపు. రేసు ఇచ్చి వదిలేస్తే 500కి పడి, తడబడి లేస్తోంది. ఇప్పుడు గాలి చాలడం లేదు.

త్రాటిల్ బాడీ విప్పి చూస్తే కారణం కనబడింది. త్రాటిల్ పలక ఎంతవరకు మూసుకోవాలో ఆపే చిన్న స్క్రూ ఒకటుంటుంది. కంపెనీ దాన్ని సెట్ చేసి పసుపు పెయింటు చుక్క పెడుతుంది. ఆ చుక్క చీలిపోయి ఉంది, స్క్రూ తల మీద కొత్త గీతలున్నాయి. కార్బొరేటర్ రోజుల్లో స్లో (ఐడ్లింగ్‌నే అలా అనేవాళ్లం) ఎక్కువైతే స్లో స్క్రూ తిప్పేవాళ్లం, ఆ చెయ్యి ఇంకా పోలేదు కొందరికి. లీక్ దొరక్క, ఐడ్లింగ్ దించాలని ఎవరో స్క్రూ వెనక్కి తిప్పేశారు. పలక పూర్తిగా మూసుకుని గోడని కరుచుకుంటోంది. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి చూస్తే పలక చుట్టూ వెంట్రుకంత వెలుతురు కూడా లేదు. పలక అంచు దిగిన చోట లోపలి గోడ మీద సన్నటి గీత పడి ఉంది.

ఈ స్క్రూని ముట్టుకోవద్దనే మాన్యువల్ చెబుతుంది. నేనూ అదే చెబుతాను. కానీ ఒకరు ముట్టుకున్నాక ఇంకొకరు ముట్టుకోక తప్పదు. స్క్రూ లివర్‌కి తగిలీ తగలనట్టు తెచ్చి, అక్కణ్నుంచి పావు చుట్టు ముందుకి తిప్పాం, పలక కరుచుకోకుండా. తర్వాత బండి మీద బిగించి, వేడి చేసి, ఐఏసీ అంకె చూస్తూ వెంట్రుకవాసి సర్దాం. 34 దగ్గర వదిలేశాను. మూసి ఉన్నప్పుడు 0.42 వోల్టు ఉన్న త్రాటిల్ సెన్సర్ 0.5కి వచ్చింది. కేబుల్‌కి రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచాం. రబ్బరు ముక్క పరీక్ష మళ్లీ చేశాం: మూడో సెకనుకి ఆగిపోయింది. ఆగిపోయినందుకు ఇంత సంతోషించిన రోజు ఇంకోటి లేదు.

రాత్రి ఏడింటికి మాస్టార్ని పక్కన కూర్చోబెట్టుకుని రామవరప్పాడు రింగు మీదుగా గన్నవరం దాకా వెళ్లి వచ్చాం. సిగ్నల్ దగ్గర 750. ఏసీ వేస్తే 850. ఏసీ వేస్తే పెరగడం చూసి ఆయన "ఇదేంటి, ఇప్పుడు పెరుగుతోందే" అని మళ్లీ భయపడ్డారు. అలాగే పెరగాలండీ అని చెబితే గానీ కుదుటపడలేదు.

ఒక్కటి మాత్రం పూర్తిగా నయం కాలేదు. కంప్రెసర్ పట్టుకునే క్షణంలో సూది ఒక్కసారి 680కి జారి లేస్తోంది. ఆ కొత్త ఐఏసీ మోటార్ డూప్లికేట్‌ది, స్టెప్పులు కాస్త బద్ధకంగా వేస్తోంది. ఒరిజినల్ వేస్తే అది కూడా పోతుంది. కానీ ఇప్పటికే ఆరు వేలు పోగొట్టుకున్న మనిషితో ఆ మాట ఆ రాత్రే అనబుద్ధి కాలేదు. ఇబ్బంది పెడితే తీసుకురమ్మన్నాను. ఈలోపు ఆర్టీవో ఆఫీసుకెళ్లి ఆర్సీలో ఎల్పీజీ తీయించుకోమని చెప్పాను. స్టిక్కర్ కింద కంతకి గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల వేస్తానంటే మాస్టారు ఒప్పుకోలేదు. "వినాయకుణ్ని కదపకండి" అన్నారు.